సోంపేట బీల

శ్రీకాకుళము జిల్లా ఈశాన్యపు కొసను, హౌరా–చెన్నపట్నము రైలుమార్గమునకును సముద్రమునకును నడుమ, సోంపేట, కంచిలి, కవిటి ప్రాంతములను ఆనుకొని ఒక విశాలమైన పల్లపు భూమి కలదు. అచ్చటివారు దానిని బీల అందురు. వానకాలమున ఎగువనుండి పారివచ్చిన నీరు అందు చేరి నిలుచును. సముద్రము దగ్గరనే ఉన్నను ఆ నీరు ఉప్పన గాదు. ఆ నీటితో చుట్టుపట్ల పొలములు పండును. ఎత్తిపోతల పథకములు నడచును. మత్స్యకారులు అందు చేపలు పట్టుదురు. అందు పెరుగు జమ్ము, గడ్డి ఇండ్ల కప్పులకును, చాపలకును పనికివచ్చును. ఎండకాలమున నీరు తీసిన అంచులలో పశువులు మేయును. వలసపక్షులు వచ్చి వ్రాలును.

బీల అను మాటను గూర్చి ఒక ముచ్చట చెప్పవలెను. ఒరియాలో బిల అనగా వరి పొలము. వంగభాషలో బిల్ అనగా నీరు నిలుచు పల్లము. సోంపేట ప్రాంతమున తెలుగును ఒరియాయును ఇరుగుపొరుగున వినవచ్చును గనుక, ఈ మాటలో పొలమును నీరును రెండును వినిపించుట మాకు వింతగా తోచదు. కాని 2008 తరువాత కచ్చేరి కాగితములలో ఈ భూమికి పడిన పేరు వేరు. అది పనికిరాని భూమి అనిరి, బంజరు అనిరి. బీలను బీడుగా చదివికొనిరి. ఈ రెండు పేర్లకు నడుమ జరిగిన తగాదాయే సోంపేట పోరాటము. అందు మనుష్యులు ప్రాణములు విడిచిరి. ఆ కథను మేము ఇచ్చట చెప్పదలచితిమి.

కథకు మూలము చాల వెనుకనున్నది. 1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత పరిష్కారము అమలు జరిగిన నాటినుండి ఈ ప్రాంతమున భూమిపై పెత్తనము జమీందారులది. రైతు దున్నుకొను చెక్కకు శిస్తు కలదు, లెక్క కలదు. కాని అడవి, చెరువు, మేత బీడు, నీటి పల్లము — వీనిని ఊరివారందరును అనుభవించుచున్నను, వారి అనుభవమునకు కాగితము లేదు. వంట చెరకు తెచ్చుకొనుట, పశువులను తోలుకొనుట, చేపలు పట్టుకొనుట తాతలనాటి వాడుక. వాడుక ఎంత పాతదైనను దస్తావేజు ముందు నిలువనేరదని జనులు క్రమక్రమముగా నేర్చుకొనిరి.

ఈ నేర్పునకు వారు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. ఇచ్ఛాపురము మొదలు చెన్నపట్నము వరకు 1937–38లో రైతులు కాలినడకన సాగించిన యాత్రను తెలుగుదేశమున పెద్దలు నేటికిని తలచుకొందురు. అది బయలుదేరినది ఈ కొసనుండియే. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ మహాసభ జరిగినది. తరువాత కొద్ది దినములకే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున పోలీసులు కాల్పులు జరిపిరి. జమీందారు అడవినుండి కట్టెలు తెచ్చుకొన్నారని రైతులను పట్టుకొనిపోవ వచ్చినప్పుడు ఊరివారు అడ్డు నిలిచిరి. ఆనాడు నేలకొరిగిన వారిలో గున్నమ్మ అను స్త్రీ ఉన్నది. వీర గున్నమ్మ అని ఉత్తరాంధ్రమున ఆమె పేరు తెలియనివారు అరుదు. మందసకు సోంపేట పొరుగూరు. 1940లో తగాదా అడవి కట్టెలను గూర్చి. 2010లో బీల నీటిని గూర్చి. నడుమ గడచినవి డెబ్బది సంవత్సరములు.

ఈ డెబ్బది ఏండ్లలో జమీందారులు పోయిరి. 1948నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము వారి పెత్తనమును తీసివేసినది. దున్నెడివానికి పట్టా దక్కినది. అది చిన్న మేలు కాదు. ఐతే ఎవరి పట్టాలోను చేరని అడవులు, పల్లములు, మేత బీళ్లు ప్రభుత్వ పరమైనవి. జమీందారు స్థానమున ప్రభుత్వము వచ్చినది గాని, ఊరివారి వాడుకకు కాగితము మాత్రము అప్పుడును రాలేదు. పోరంబోకు, బంజరు అను శీర్షికల క్రింద ఆ భూములు లెక్కలలో నిలిచినవి. ప్రజల ప్రభుత్వమే గదా, భయమేమి అని నాడు అందరును అనుకొనిరి. అట్లు అనుకొనుటలో తప్పును లేదు. అరువది ఏండ్లు బీలకు ఏ ఆపదయు రాలేదు.

ఆపద విద్యుత్తు రూపమున వచ్చినది. 2003లో పార్లమెంటు చేసిన విద్యుత్ చట్టము, బొగ్గుతో విద్యుత్తు పుట్టించు కేంద్రములను లైసెన్సు లేకుండ ఎవరైనను నెలకొల్పవచ్చునని దారి తెరచినది. బొగ్గు ఓడలలో రావచ్చును. యంత్రములను చల్లార్చుటకు సముద్రపు నీరు వాడవచ్చును. కావున ప్రైవేటు సంస్థల దృష్టి తూర్పుతీరముపై పడినది. శ్రీకాకుళము మొదలు నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నము వరకు తీరము పొడవునను ఒకదానివెంట ఒకటిగా ప్రతిపాదనలు పుట్టినవి. తీరమున అగ్గువగా, అడ్డుచెప్పు పట్టాదారు లేకుండ దొరకు భూమి ఏది? బంజరు అని వ్రాసి యున్న భూమి.

2008 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వము 1107 సంఖ్యగల ఉత్తర్వుతో బీలలో 970 ఎకరములకు పైగా భూమిని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించినది. అచ్చట నిర్మింపదలచినది 2640 మెగావాట్ల కేంద్రము. అనగా 660 మెగావాట్ల యంత్రములు నాలుగు. ఇంత కేంద్రము ఏడాది పొడుగునను నడచుటకు, మా స్థూలమైన లెక్క ప్రకారము, కోటి టన్నుల బొగ్గునకు తక్కువ పట్టదు. మన దేశపు బొగ్గులో మూడింట ఒకవంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, బూడిదయే. ఆ బూడిదను నీటితో కలిపి చెరువులుగా నిలువచేయుదురు. దిగుమతి బొగ్గులో బూడిద తక్కువగా ఉండును గాని, లేకుండ పోదు. బూడిద చెరువు ప్రక్క బావినీరు త్రాగువారికి ఈ లెక్క ఎవరును చెప్పనక్కరలేదు.

అందులోను ఈ సీమవారికి త్రాగునీరనిన ప్రత్యేకమైన భయము కలదు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నులపండువుగా ఉండు ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి అనేక గ్రామములలో వ్యాపించియున్నది. దానికి కారణమేదో వైద్యశాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కారణము తెలియని రోగము ఇంటింట ఉన్నచోట, ఉన్న నీటికి మరియొక అనుమానము కలుపుమనిన ఎవరు ఒప్పుకొందురు? పోరాటమునకు ముందు నిలిచిన పర్యావరణ పరిరక్షణ సంఘమును నడపినవారు సోంపేటలో వైద్యులైన డాక్టర్ వై. కృష్ణమూర్తిగారు. వైద్యుడు నాయకుడగుట మాకు యాదృచ్ఛికముగా తోచదు.

ఇట్టి కేంద్రములకు కేంద్ర ప్రభుత్వపు పర్యావరణ శాఖ అనుమతి కావలెను. 1994లో మొదటి ప్రకటన ద్వారా ఈ పద్ధతి ఏర్పడినది. 1997లో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరియైనది. 2006లో వచ్చిన కొత్త ప్రకటన నేటికిని ఆధారము. పద్ధతి ప్రకారము సంస్థ తన ఖర్చుతో నిపుణులచే ఒక నివేదిక వ్రాయించును. దానిపై ఊరివారి మాట వినుటకు సభ జరుగును. నివేదికను, సభలోని మాటలను చూచి ఢిల్లీలోని నిపుణుల సంఘము సలహా చెప్పును. చూచుటకు చక్కని పద్ధతియే. ఐతే ఆ భూమి ఎట్టిదో చెప్పునది ఆ భూమిని కోరుచున్నవారి కాగితమే. కక్షిదారుడు తానే సాక్షిని తెచ్చుకొని, ఆ సాక్షికి జీతము తానే ఇచ్చుట న్యాయస్థానములో చెల్లదు గదా, ఇచ్చట చెల్లును.

2009 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సభలో ఊరివారు ససేమిరా అనిరి. రైతులు నీటిని గూర్చి, మత్స్యకారులు చేపలను గూర్చి చెప్పుకొనిరి. వారి మాట కాగితములలోనికి ఎక్కినది. కాని కాగితములపై ప్రభావము చూపలేదు. అదే సంవత్సరము డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చినది. ఆ నెలలోనే సోంపేటలో శిబిరము వేసి జనులు రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టిరి. దినమునకు ఒక జట్టు చొప్పున వంతులవారీగా కూర్చుండిరి. పొలముపని, వేట, వంట — అన్నియు సర్దుకొని వచ్చి స్త్రీలు అధిక సంఖ్యలో కూర్చుండిరి. ఈ దీక్షలు వేయి దినములకు పైగా సాగినవి. ఇంతకాలము ఒక ఊరు తన పనులు తాను చేసికొనుచు ఒక మాటమీద కూర్చుండుట తేలిక కాదు. ఒక దినము ఆవేశముతో లేచిన జనులకును, మూడేండ్లు వంతు తప్పక వచ్చిన జనులకును గల భేదము పాఠకులు గమనింపవలెను.

మరియొక ప్రక్క కాగితపు పోరాటము జరిగినది. కేంద్ర ప్రభుత్వమున విద్యుత్ శాఖకు కార్యదర్శిగా పనిచేసి విశ్రాంతి పొంది విశాఖపట్నమున ఉన్న ఇ.ఏ.ఎస్. శర్మగారు, బీల నీటిభూమియని, అట్టిచోట థర్మల్ కేంద్రము తగదని లేఖలమీద లేఖలు వ్రాసిరి. విద్యుత్ శాఖను నడపిన అధికారియే ఇట్లనుట గమనింపదగినది. ఆయనను విద్యుత్తు విలువ తెలియనివాడని ఎవరును తోసిపుచ్చలేకపోయిరి. అనుమతిపై జాతీయ పర్యావరణ అప్పీలు అధికార సంస్థకు ఫిర్యాదు వెళ్లినది. 1997నాటి చట్టముతో ఏర్పడిన ఆ సంస్థకు అప్పటికి మంచి పేరు లేదు. వచ్చిన అప్పీళ్లలో చాలవరకు తోసివేయునదని ప్రతీతి. అందుచేత దానిపై ఆశ పెట్టుకొన్నవారు తక్కువ.

2010 జూలై 14, బుధవారము. బీలలో పనులు మొదలుపెట్టుటకు సంస్థవారు, వారికి రక్షణగా పెద్ద సంఖ్యలో పోలీసులు వచ్చిరి. చుట్టుపట్ల గ్రామములనుండి వేలమంది ఎదురుగా వచ్చిరి. మొదట వాదన, తరువాత తోపులాట, ఆపైన లాఠీలు, రాళ్లు, బాష్పవాయువు, చివరకు తుపాకులు. తూటాలకు ఇద్దరు మరణించిరి. ఇరుప్రక్కలను అనేకులు గాయపడిరి. వారి ఇండ్లలో నాడు ఏమైనదో మేము వర్ణింపబోము.

ఆ దినముననే ఢిల్లీలో అప్పీలు అధికార సంస్థ తన తీర్పు చెప్పినది. సోంపేట కేంద్రమునకు ఇచ్చిన పర్యావరణ అనుమతి చెల్లదని కొట్టివేసినది. ఆ భూమి నీటిభూమి అను విషయమే వాదమునకు ప్రాణము. అనగా ఊరివారు ఏడాదిగా చెప్పుచున్న మాటయే నిజమని ఒక ప్రభుత్వ సంస్థ ఒప్పుకొన్నది. ఒకే తేదీ. ఒకచోట కలము, ఒకచోట తుపాకి. తీర్పు ఒక్క దినము ముందు వచ్చియున్నచో ఆ ఇద్దరును బ్రతికియుందురు గదా అని అందరును అనుకొనిరి, మేమును అనుకొనుచున్నాము. ఐతే ఇందులో కాలము చేసిన తప్పు కొంచెమే. అప్పీలు విచారణలో ఉండగా పనులు మొదలుపెట్టుటకు అంత తొందర ఏల? వినుటకు తీరిక లేని ప్రభుత్వమునకు పోలీసులను పంపుటకు తీరిక ఎట్లు దొరకినది? ఈ ప్రశ్నలకు ఎవరును తృప్తికరమైన సమాధానము చెప్పలేదు.

కాల్పుల వార్త దేశమంతట ప్రాకినది. అదే సంవత్సరము అక్టోబరులో పాత అప్పీలు సంస్థ స్థానమున జాతీయ హరిత ట్రిబ్యునల్ వచ్చినది. డిసెంబరులో నీటిభూముల పరిరక్షణకు కేంద్రము నియమములు ప్రకటించినది. ఇవి సోంపేట వలననే వచ్చినవని మేము అనము, అంతకుముందునుండియే తయారగుచుండినవి. 2011 జనవరిలో సుప్రీంకోర్టు, జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యెమున, ఊరుమ్మడి భూములు ఊరివారి అనుభవమునకే చెందవలెనని, వానిని అన్యాక్రాంతము చేయుట తగదని గట్టిగా చెప్పినది. అది పంజాబులోని ఒక చెరువు తగాదా. కాని ఆ తీర్పు చదివినపుడు మాకు బీలయే కన్నులకు కట్టినది. త్రాగునీరు, గాలి పరిశుభ్రముగా ఉండుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని అదే న్యాయస్థానము 1991లోనే అన్నది. హక్కులన్నియు కాగితముపై ఉన్నవి. బీల మాత్రము కాగితముపై బంజరుగా ఉన్నది.

ఇన్ని మాటలు జరిగిన తరువాతను పాఠము ఒంటబట్టలేదనుటకు కాకరాపల్లి నిదర్శనము. అదే జిల్లాలో, సంతబొమ్మాళి వైపు, నౌపడ ఉప్పుమళ్ల దాపున తంపర భూములు కలవు. తంపర అనినను నీరు నిలుచు పల్లమే. కొంగలు, గూడబాతులు వచ్చి గూళ్లు కట్టుకొను తేలినీలాపురము ఆ ప్రాంతముననే ఉన్నది. అచ్చటను 2640 మెగావాట్ల కేంద్రము తలపెట్టిరి. తంపరను మట్టితో పూడ్చి మెరక చేసినచో, వాననీరు పోవుటకు దారిలేక తమ ఊళ్లు మునుగునని గ్రామస్థులు భయపడిరి. వారును దీక్షలు చేసిరి. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర వద్ద పోలీసుల కాల్పులలో ఇద్దరు మరణించిరి. ఊరిలో ఇండ్లు కాలిపోయినవి. సోంపేట కాల్పులకు ఇంకను ఎనిమిది నెలలు నిండలేదు. కేంద్ర పర్యావరణ శాఖ పనులు నిలుపుమని ఆదేశించినది. తరువాత మరల పనులు సాగినను, ఆ సంస్థ అప్పులలో చిక్కుకొని దివాలా విచారణకు చేరినది.

విద్యుత్తు అక్కరలేదా అని అడుగువారు ఆనాడును ఉండిరి, నేడును ఉన్నారు. అడుగదగిన ప్రశ్నయే. ఇంట రేడియో పలుకవలెనన్నను, దీపము వెలుగవలెనన్నను విద్యుత్తు కావలెను. 2010 ప్రాంతమున రాష్ట్రమున కరెంటు కోతలు సామాన్యము. పంటకు నీరు తోడు రైతు రాత్రివేళ మోటారు దగ్గర కాపలా కూర్చుండెడివాడు. ఐతే సోంపేటవారు దీపము వద్దనలేదు. ఈ చోటు వద్దనిరి. బంజరు భూమి నిజముగా ఉన్నచోట పెట్టుకొనుమనిరి. రాష్ట్రమంతటికి వెలుగు పంచుటకు బూడిదను, వేడినీటిని భరింపవలసినది ఎవరు? పట్టా లేక, కచ్చేరిలో పలుకుబడి లేక, చేపలమీదను చెక్క పొలముమీదను బ్రతుకువారేనా? మహానగరముల ప్రక్కనున్న చెరువునకు బంజరని పేరు పెట్టుట ఇంత తేలికగా జరుగదు. (ఈ మాట వ్రాసిన తరువాత మాకు కొంత సందేహము కలిగినది. హైదరాబాదు చెరువులలో ఎన్ని ఇండ్ల క్రింద పోలేదు? బహుశః నీరునకే ఎచ్చటను పట్టా లేదు కాబోలు.)

కాల్పుల తరువాత జనులను వెంటాడినది కేసులు. వందలమంది గ్రామస్థులపై క్రిమినల్ కేసులు నమోదైనవి. కేసు అనగా ఏమో పల్లెవారికి తెలియును. వాయిదానాడు వేట లేదు, కూలి లేదు; బస్సు చార్జీలు, వకీలు ఫీజు. కోర్టు మెట్లపై పగలంతయు కూర్చుండి, సాయంకాలము మరియొక తేదీ వినివచ్చుట. ఉద్యోగమునకు దరఖాస్తు చేసికొను కుర్రవానికి పోలీసు విచారణ ఒక అడ్డుగోడ. నేరము ఋజువగుట, కాకపోవుట ఎట్లున్నను, ఈ తిరుగుటయే ఒక శిక్ష. మానవహక్కులనగా తూటా తగులకుండుట మాత్రమే కాదని తెలియుటకు ఇంతకన్న ఉదాహరణము కావలెనా?

తీర్పు వచ్చినను భూమి కేటాయించిన ఉత్తర్వు మాత్రము అట్లే నిలిచియుండెను. అనుమతి ఇచ్చినది ఢిల్లీ. భూమి ఇచ్చినది హైదరాబాదు. ఒకటి పోయినను రెండవది ఉన్నంతకాలము ఏ దినమున ఏమగునో అని దీక్షా శిబిరము ఎత్తివేయలేదు. ఇందులో ఊరివారి వివేకము కనబడుచున్నది. గెలిచితిమని బయటివారందరును చెప్పుచున్నను, ఏ కాగితముతో తమకు అపకారము జరిగినదో ఆ కాగితము రద్దగు వరకు వారు లేవలేదు. రాష్ట్రము విడిపోయి, ప్రభుత్వము మారి, 2015లో థర్మల్ కేంద్రమునకై ఇచ్చిన ఆ 1107 ఉత్తర్వు రద్దయినది. జారీయైన నాటికిని రద్దయిన నాటికిని నడుమ ఏడేండ్లు.

సోంపేటలో ఏటేట జూలై 14న జనులు కూడి మృతులను తలచుకొందురు. ఆ తేదీకి తొలకరి వానలు పడి, నారు పోసి యుందురు. పల్లమున నీరు చేరుచుండును. మత్స్యకారులు వలలు సరిచేసికొను కాలమది.